ఎస్టేట్ సేల్‌లో పాత వెండి కొనేముందు

ఎండలు మొదలయ్యాయంటే అమెరికాలో ఎస్టేట్ సేల్స్ జోరందుకుంటాయి. పెద్దవాళ్లు పోయాకో, ఇల్లు ఖాళీ చేసేటప్పుడో సామానంతా అక్కడికక్కడే అమ్మేస్తారు. చికాగో వైపు వెళ్తే ఒకప్పటి డిపార్ట్‌మెంట్ స్టోర్ మార్షల్ ఫీల్డ్స్ పేరున్న పెట్టెల్లో స్పూన్లు, ఫోర్కులు కనబడొచ్చు. ఆ స్టోర్లు 2006లో మేసీస్ పేరు కిందికి వెళ్లిపోయాయి. పాత పేరు మీద అక్కడివాళ్లకు ఇప్పటికీ మమకారం పోలేదు. అయితే పెట్టె మీదున్నది అమ్మిన కొట్టు పేరు మాత్రమే. అందులో ఉన్నది వెండా కాదా అని వస్తువు వెనక ముద్రే చెప్పాలి.

కాబట్టి ధర అడగకముందే తిరగేసి చూడండి. మంచి భూతద్దం ఒకటి జేబులో పెట్టుకోండి. అమెరికా సరుకు మీద ‘స్టెర్లింగ్’ అనో 925 అనో ఉంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. ‘ఈపీఎన్ఎస్’ అని ఉంటే పైన పూత మాత్రమే వెండి, లోపల మనం జర్మన్ సిల్వర్ అనే రాగి, నికెల్, జింక్ మిశ్రమం. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు. అయస్కాంతానికి అంటుకోలేదు కదా అని నమ్మకండి, ఇదీ అంటుకోదు.

చాలామంది బోల్తా పడేది ‘1847 రోజర్స్ బ్రోస్’ ముద్ర దగ్గర. 1847 తయారైన ఏడాది కాదు, బ్రాండ్ పేరులో భాగం. ఇరవయ్యో శతాబ్దంలో చేసిన పూత సామాను మీదా అదే ఉంటుంది. అలాగే సింహం, లంగరు, జి అక్షరం వరుసగా కనిపిస్తే ఇంగ్లండ్ వెండి అనుకోకండి. అది రోడ్ ఐలాండ్‌లోని గోర్హమ్ కంపెనీ ముద్ర. మంచి కంపెనీయే, కానీ అక్కడే ‘స్టెర్లింగ్’ అన్న మాట కూడా ఉందో లేదో చూడాలి.

తూకం లెక్కన కొనేవాళ్లకు క్యాండిల్ స్టాండ్లతో పెద్ద టెన్షన్. అడుగున ‘వెయిటెడ్’ అని ఉంటే పైన పల్చటి వెండి రేకు, లోపల సిమెంటో లక్కలాంటిదో నింపి ఉంటుంది. స్టెర్లింగ్ కత్తుల పిడులూ చాలావరకు అంతే, లోపల బోలుగా చేసి నింపుతారు. వాటిని వెండి లెక్కలో వేయొద్దు.

నచ్చిన వస్తువు మీద ఒకసారి నోటితో ఆవిరి ఊది చూడండి. పాత యజమానులు చెక్కించుకుంటే తర్వాత అరగదీసేసిన పేరు అక్షరాలు, సీసంతో పెట్టిన అతుకులు ఆ మసకలో ఒక్క క్షణం బయటపడతాయి. అక్షరాలు తీసేసిన చోట వేలితో మెల్లగా నొక్కండి. లోపలికి పోతున్నట్టుంటే రేకు పలచబడిందని అర్థం, వదిలేయండి.

కొన్నాక కంసాలి దగ్గర కరిగించి కంచం చేయిద్దామని మాత్రం తొందరపడకండి. ముద్ర ఎవరిదో తేల్చుకోండి. చేతిపని ఒకసారి మూసలో పడితే మళ్లీ రాదు. వాడుకుంటానంటే ఇంకా మంచిది. ఉప్పు, గుడ్డు తగిలిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవండి. డిష్‌వాషర్‌లో వేయకండి, ఆ వేడికి కత్తి పిడులు ఊడిపోతాయి. ముంచితే నల్లదనమంతా పోయే ద్రావణాలూ వద్దు, నగిషీ గాళ్లలో ఉండాల్సిన నలుపు కూడా పోయి పనితనం వెలవెలబోతుంది.

ఇండియా నుంచి అమ్మమ్మగారి వెండి తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాత్మక వస్తువులను వ్యక్తులు దేశం దాటించకూడదు. వయసు మీద అనుమానముంటే సూట్‌కేస్ సర్దకముందే భారత పురావస్తు శాఖ దగ్గర పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి.