కోచ్‌ని తీసేస్తే వందల కోట్లా? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కాంట్రాక్టు ఇలా చదవండి

అక్టోబర్ వచ్చిందంటే చాలు, బ్రాడీపేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ఏదో ఒక పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఈ వార్త తిరుగుతుంది, ఫలానా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌ని పీకేసి, పీకేసినందుకు ఆయనకే వందల కోట్లు కడుతోందట అని. వెంటనే ఎవరో ఒకరు "అవి మన పిల్లలు కట్టే ఫీజులే కదండీ" అంటారు, ఇక అందరికీ టెన్షన్. అవునో కాదో మీరే చూసుకోవచ్చు, కాగితాలు చాలావరకు బయటే దొరుకుతాయి. (ఫుట్‌బాల్ అంటే హెల్మెట్ పెట్టుకుని గుద్దుకునే ఆట, మనం అనుకునేది కాదు.)

ముందు అంకె సరిచేసుకోండి. 2023 నవంబర్‌లో టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు వచ్చిన లెక్క సుమారు 76 మిలియన్ డాలర్లు, అంటే 7 కోట్ల 60 లక్షల డాలర్లు. డాలరు 85 రూపాయలు వేసుకుంటే 646 కోట్లు. రూపాయల్లోకి మార్చగానే కళ్లు తిరుగుతాయి, అందుకే డాలర్లలోనే ఉంచి యూనివర్సిటీ క్రీడల విభాగం ఏడాది ఆదాయం పక్కన పెట్టి చూడండి. ఉదాహరణకు, అదే రాష్ట్రంలో ఉన్న టెక్సాస్ యూనివర్సిటీ క్రీడల విభాగం 2024 ఆర్థిక సంవత్సరంలో చూపించిన ఆదాయం 33 కోట్ల డాలర్ల దాకా ఉంది.

కాంట్రాక్టు మధ్యలో తెంచుకుంటే కట్టే ఈ డబ్బునే 'బయౌట్' అంటారు, మన కౌలు లాంటిదే, పదేళ్లకు రాసిచ్చి మూడో ఏట పొలం వెనక్కి తీసుకుంటే మిగిలిన ఏళ్లకు ఎంతో కొంత కట్టాలి. ఆ ఎంతో కొంత ఎంత అన్నదే కాంట్రాక్టులో వెతకాలి. యూనివర్సిటీ పేరు, కోచ్ పేరు, 'ఎంప్లాయ్‌మెంట్ అగ్రిమెంట్', పీడీఎఫ్ అని కొట్టండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార చట్టాల కింద విలేకరులు ఈపాటికే తీసి పెట్టి ఉంటారు. నోటర్ డామ్, యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా) లాంటి ప్రైవేటు యూనివర్సిటీలవి అలా దొరకవు, చాలా ఆలస్యంగా ట్యాక్స్ రిటర్న్‌లో జీతం మాత్రం కనిపిస్తుంది.

పీడీఎఫ్ తెరవగానే జీతం దగ్గర ఆగిపోవద్దు. బేస్ శాలరీ అని చిన్న అంకె వేసి, మీడియా, ప్రచారం, అదనపు పారితోషికం అంటూ మిగతాదంతా వేరే లైన్లలో పెడతారు, అన్నీ కూడాలి. తర్వాత టెర్మినేషన్ సెక్షన్‌కి వెళ్లండి, అసలు కథ అక్కడే ఉంటుంది. 'ఫర్ కాజ్' అంటే కోచ్ తప్పు వల్ల తీసేయడం, 'వితౌట్ కాజ్' అంటే మ్యాచ్‌లు ఓడిపోతున్నాడనో, మాజీ విద్యార్థులకు కోపమొచ్చిందనో తీసేయడం. మిషిగన్ స్టేట్ 2023 సెప్టెంబర్‌లో మెల్ టక్కర్‌ని ప్రవర్తన కారణంగా మొదటి రకంలో తీసేసింది, దాంతో మిగిలిన సుమారు 8 కోట్ల డాలర్లు కట్టేది లేదంది. తేడా అంత ఉంటుంది కాబట్టే ఈ ఒక్క మాట మీద కోర్టులకు వెళతారు.

ఇప్పుడు అందరూ వదిలేసే లైను, 'మిటిగేషన్'. తీసేసిన కోచ్ ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలా, దొరికితే ఆ జీతం పాత యూనివర్సిటీ బాకీలోంచి తగ్గుతుందా అన్నది ఇది చెబుతుంది. ఫిషర్ కాంట్రాక్టులో ఇది లేదు, ఆయన రేపు ఎక్కడ ఎంత సంపాదించినా ఎ అండ్ ఎం డబ్బు ఆగదు. పెన్ స్టేట్ 2025 అక్టోబర్‌లో జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు మాత్రం పేపర్లన్నీ 4 కోట్ల 90 లక్షల డాలర్లు అని రాశాయి, ఆయన నెల తిరిగేసరికి వర్జీనియా టెక్‌లో చేరాడు, బాకీ సుమారు 90 లక్షల డాలర్లకు సెటిల్ అయింది. అంటే హెడ్డింగ్‌లోని అంకెలో ఐదో వంతు కూడా కాదు. అది మాత్రం హెడ్డింగ్‌లో రాదు!

ఎప్పుడెప్పుడు కట్టాలో కూడా చూడండి. ఫిషర్‌కి మొదటి 60 రోజుల్లో సుమారు 1 కోటి 92 లక్షల డాలర్లు, ఆ తర్వాత 2031 దాకా ఏటా 72 లక్షల చొప్పున. 2020 చివర్లో ఆబర్న్ గస్ మాల్జాన్‌ని పంపినప్పుడు 2 కోట్ల 14 లక్షలకు పైగా ఉన్న బాకీలో సగం 30 రోజుల్లోనే కట్టాల్సి వచ్చింది.

కోచ్ తనంతట తాను వెళ్లిపోయినా బయౌట్ ఉంటుంది. 2024 జనవరిలో కేలెన్ డిబోర్ అలబామాకి వెళితే వాషింగ్టన్‌కి 1 కోటి 20 లక్షల డాలర్లు వచ్చాయి. ఇవి మామూలుగా కొత్త యూనివర్సిటీయే భరిస్తుంది.

నా మటుకు నేను కోచ్‌ని తీసేసిన తేదీ కన్నా సంతకం పెట్టిన తేదీ ముందు చూస్తాను. ఫిషర్ కాంట్రాక్టు పొడిగింపు, ఫ్రాంక్లిన్ పొడిగింపు, టక్కర్ పదేళ్ల 9 కోట్ల 50 లక్షల డాలర్లు, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్)లో బ్రయన్ కెల్లీకి అదే పదేళ్ల అదే 9 కోట్ల 50 లక్షలు, అన్నీ 2021 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ లోపు రాసినవే, నలుగురినీ తర్వాత తీసేశారు. పక్క యూనివర్సిటీ ఎత్తుకుపోతుందేమోనన్న భయంతో ఒకరిని చూసి ఒకరు రాసిచ్చారు, అంతకంటే పెద్ద లెక్కేమీ నాకు కనిపించలేదు.

ఇక మన అసలు ప్రశ్న, డబ్బు ఎవరిది. ఈ స్థాయిలో ఆడే ప్రతి యూనివర్సిటీ ఏటా కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏకి ఆర్థిక నివేదిక పంపుతుంది, ప్రభుత్వ యూనివర్సిటీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆదాయం వైపు టీవీ హక్కులు, కాన్ఫరెన్స్ (యూనివర్సిటీ ఆడే లీగ్) వాటా, టికెట్లు, విరాళాలు పెద్దగా ఉంటే ఆ విభాగం తన కాళ్ల మీద తాను నిలబడినట్టే. ఎ అండ్ ఎం కూడా ఫిషర్ డబ్బు విరాళాల నుంచి, క్రీడల విభాగం సొమ్ము నుంచే అని చెప్పింది. అలా కాక 'స్టూడెంట్ ఫీజ్', 'ఇన్‌స్టిట్యూషనల్ సపోర్ట్' అన్న రెండు లైన్లు లావుగా ఉంటే అది పిల్లల జేబు, యూనివర్సిటీ ఖజానా. వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో క్రీడల బడ్జెట్‌లో పెద్ద భాగం విద్యార్థి ఫీజుల నుంచే వస్తుంది. ఖర్చు వైపు 'సెవరెన్స్' అని ఒక లైను ఉంటుంది, పాత కోచ్‌లకు ఆ ఏడాది నిజంగా ఎంత వెళ్లిందో అక్కడ తెలుస్తుంది.

ఇంకోటి, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరిన 'హౌస్ సెటిల్‌మెంట్' వల్ల 2025 జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. కాబట్టి కోచ్ బాకీ ఇప్పుడు ఆటగాళ్ల డబ్బుతో పోటీ పడుతుంది, కొన్నిచోట్ల ఫీజు పెంచే మాట కూడా వస్తుంది.

మీవాడు ఎంఎస్‌కి వెళ్లినా సరే, స్టూడెంట్ అకౌంట్‌లో సెమిస్టర్ బిల్లు విడదీసి చూపించమనండి. 'అథ్లెటిక్స్ ఫీ' అని విడిగా ఉంటే క్రీడలకు మీ జేబులోంచి వెళ్లే అంకె అదే. లేకపోతే 'మాండేటరీ ఫీజ్' లోపల ఏముందో యూనివర్సిటీ ఫీజు పట్టికలో ఉంటుంది.