వరదలో మునిగిన బండిని స్టార్ట్ చేసే ముందు

గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. నదీపాయల మధ్య ఉండే లంక గ్రామాల వారికి ఈ లెక్క కంఠతా వచ్చు. అయినా పశువులను, ధాన్యాన్ని ఏటిగట్టుకు చేర్చే తొందరలో మోటారు సైకిలు పెరట్లోనే ఉండిపోతుంది. మొదటి హెచ్చరికకే బండిని కూడా గట్టెక్కించడం అన్నిటికంటే చవకైన జాగ్రత్త.

బండి మునిగిపోతే, నీరు తగ్గగానే సెల్ఫ్ బటన్ నొక్కకండి; తాళం కూడా తిప్పకండి. ఎయిర్ ఫిల్టర్ గుండా గానీ సైలెన్సర్ గుండా గానీ సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే, అది గాలిలాగా కుంచించుకుపోదు గనుక, పైకి వచ్చే పిస్టన్ దానిని ఢీకొని, పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది. తోసి గేరులో వేసి స్టార్ట్ చేయడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే బండి బరువంతా ఆ రాడ్ మీదనే పడుతుంది. ఊళ్లో సాయం చేయడానికి వచ్చినవారు మొదట సూచించేది మాత్రం అదే.

ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే అందులో నీరు కలిసినట్టే. ఆ ఆయిల్‌తో ఇంజిన్‌ను ఒక్క నిమిషమైనా నడపకూడదు. స్పార్క్ ప్లగ్ విప్పి, కిక్ రాడ్‌ను మెల్లగా తొక్కితే సిలిండర్‌లోని నీరు ఆ రంధ్రం నుంచి బయటికి వస్తుంది. పెట్రోలు ఆవిరి కూడా వెలువడుతుంది కాబట్టి దగ్గరలో బీడీ, పొయ్యి ఉండరాదు. నీరు పెట్రోలు కంటే బరువైనది, ట్యాంకు అడుగుకు దిగి ముందుగా ఇంజిన్‌కే అందుతుంది. అందుచేత ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించాలి. ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ మార్పించి, కొద్దిసేపు నడిపాక ఆయిల్‌ను మరోసారి మార్పిస్తే మంచిది.

స్కూటరుకు బెల్టు పెట్టెలోని నీటిని కూడా తీయించాలి. తరువాత మెయిన్ స్టాండ్ వేసి, వెనుక చక్రం నేలకు తగలకుండా చూసి, బ్రేకు పట్టుకుని, యాక్సిలరేటర్ తిప్పకుండా స్టార్ట్ చేయాలి. వాన కురుస్తోందని తలుపులు మూసిన గదిలో ఇంజిన్ నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

విద్యుత్ స్కూటరు మునిగితే చార్జింగ్ పెట్టకుండా, ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి, కంపెనీ సర్వీసు సెంటరుకు కబురు చేయండి. ఏ బండికైనా బురద కడగక ముందే ఫొటోలు తీసి బీమా సంస్థకు తెలియజేయండి. మునిగిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టానికి మామూలు పాలసీలో సాధారణంగా పరిహారం రాదు.