పెద్దవాళ్లకు రక్తనాళాల సప్లిమెంట్ మొదలుపెట్టడం ఎలా?

అమెరికా నుంచి పిల్లలు వచ్చారంటే సూట్‌కేసులో చేపనూనె సీసా, వెల్లుల్లి క్యాప్సూళ్లు, ఇంకో రెండు మూడు డబ్బాలు దిగుతాయి. "రక్తనాళాలకు మంచిదట, రోజూ వేసుకో నాన్నా" అని చేతిలో పెడతారు. నాన్న అప్పటికే వేసుకుంటున్న మాత్రలతో అవి పొసగుతాయో లేదో ఎవరూ చూడరు. మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఏళ్లుగా ఇదే చూస్తున్నాను. సప్లిమెంట్ మొదలుపెట్టడానికి ఒక వరస ఉంది. అది తప్పితే మేలు మాట అటుంచి కీడు జరుగుతుంది.

కావలసినవి: ఒక నోటుబుక్కు, జబ్బకు కట్టే బీపీ మిషను, డాక్టరు చీటీలన్నీ. మణికట్టు మిషను వద్దు. ఫోన్‌లో రాసుకోవడమూ వద్దు, నోటుబుక్కే ఉండాలి. ఎమర్జెన్సీకి పరుగెత్తినప్పుడు ఫోన్ లాక్ ఎవరికీ తెరుచుకోదు.

1. వారం పాటు బీపీ రాయండి. ఉదయం మాత్రలకు ముందు ఒకసారి, రాత్రి ఒకసారి. ఐదు నిమిషాలు కూర్చున్నాకే చూడాలి.

2. ఒక్కటే ఎంచుకోండి. మొదట ఇసబ్‌గోల్. చౌక, చెడు కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుందని రుజువైంది. పెద్ద గ్లాసు నీళ్లతో తాగాలి, మిగతా మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. మింగడం కష్టమైనవాళ్లకు ఇవ్వకూడదు. రెండోది బీట్‌రూట్. దానిలోని నైట్రేట్‌ను నాలుక మీది బ్యాక్టీరియా మారుస్తుంది, దాన్నుంచి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారై రక్తనాళాలు వదులవుతాయి. ఈ వాయువు పాత్ర కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. పొద్దున్నే క్రిమిసంహారక మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఆ బ్యాక్టీరియా చచ్చి, తాగిన రసం చాలావరకు వృథా. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు బీట్‌రూట్ జోలికి పోవద్దు.

చేపనూనె నా వరసలో చివరిది. 2018లో వెలువడిన వైటల్ పరిశోధనలో పాతిక వేలమందికి పైగా పాల్గొన్నారు, వాళ్లలో సగం మందికి రోజుకు 1 గ్రాము ఒమేగా-3 (చేపనూనెలోని కొవ్వు) ఇచ్చి చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు అన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. మోతాదు పెంచితే గుండె లయ తప్పే ముప్పు పెరుగుతుంది. గుండెపోటు వచ్చినవాళ్లకు ఎల్-ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పొడి అసలే వద్దు. 2006లో అలాంటివాళ్ల మీద జరిగిన పరీక్షలో, ఆ పొడి వాడిన వర్గంలోనే మరణాలు రావడంతో మధ్యలో ఆపేశారు.

3. పాత మాత్రలతో సరిచూడండి. అందరూ వదిలేసేది ఇదే. తొందరపడకండి, ఒక మధ్యాహ్నం దీనికే కేటాయించండి.

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరవండి. పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు నోటుబుక్కులో ఎక్కించండి. తెల్లమద్ది బెరడు, త్రిఫల, కషాయాలు కూడా రాయాలి. "అవి మూలికలే కదా" అని వదిలేసినచోటే చిక్కు వస్తుంది. దగ్గుకని రోజూ నమిలే అతిమధురం బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది.

ఇప్పుడు రక్తం పలచబడే మందులు వెతకండి. అసిట్రోమ్ (మందు పేరు అసినోకౌమరాల్), వార్ఫరిన్ పనిచేసేదే విటమిన్ కె‌ని అడ్డుకుని. ఈమధ్య "రక్తనాళాల్లో కాల్షియం పేరుకోకుండా" అంటూ విటమిన్ కె2 అమ్ముతున్నారు. కాల్షియం, డి3 మాత్రల్లో కూడా కలిపేస్తున్నారు. గుండె వాల్వు మార్పించుకుని అసిట్రోమ్ వాడే మనిషి అది మింగితే మందు బలం తగ్గుతుంది, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే ఐఎన్‌ఆర్ పడిపోతుంది, వాల్వు మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఎముకల మాత్ర అని చెప్పినా సరే, వెనక చీటీలో కె2 ఉందేమో చదవండి. అలాగని తోటకూర, పాలకూర మానేయక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఎపిక్సబాన్, రివరాక్సబాన్ వాడేవాళ్లకు ముప్పు రెండోవైపు నుంచి. వెల్లుల్లి క్యాప్సూళ్లు, జింకో (ఒక చెట్టు ఆకుల సారం), పసుపు సారం మాత్రలు వీటికి తోడైతే రక్తస్రావం కావచ్చు. చారులో వేసే వెల్లుల్లి, కూరలో పసుపు గురించి భయం లేదు.

బీపీకి, గుండెకు ఇచ్చే టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ ఉంటే పొటాషియం సప్లిమెంట్లూ, లో సోడియం ఉప్పూ డాక్టరును అడగనిదే ముట్టొద్దు. ఆ ఉప్పులో సోడియం బదులు పడేది పొటాషియమే. కిడ్నీలు బలహీనమైతే అది రక్తంలో పేరుకుని గుండె లయను చెడగొడుతుంది, ముందుగా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. కొలెస్ట్రాల్ మాత్ర (స్టాటిన్) వేసుకునేవాళ్లు రెడ్ ఈస్ట్ రైస్ (పులియబెట్టిన ఎర్రబియ్యం సప్లిమెంట్) తీసుకోకూడదు. దానిలోని మొనకోలిన్ కె, లోవాస్టాటిన్ మందు ఒకటే. రెండూ కలిస్తే కండరాలు దెబ్బతింటాయి.

సప్లిమెంట్ వచ్చింది కాబట్టి స్టాటిన్ ఆపేద్దామనుకోవద్దు. 2022 నాటి స్పోర్ట్ పరిశోధనలో 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్‌ను చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, రెడ్ ఈస్ట్ రైస్ వగైరాలతో 28 రోజులు పోల్చారు. చెడు కొలెస్ట్రాల్‌ను గట్టిగా తగ్గించింది మాత్ర ఒక్కటే.

నోటుబుక్కు డాక్టరుకు చూపించి సరేననిపించుకున్నాకే సీసా మూత తీయండి. "ఏమన్నా పర్లేదా డాక్టరుగారూ?" అని నోటిమాటగా అడిగితే సరిపోదు. పేర్లు కళ్లముందుంటేనే ఆయన పోల్చి చెప్పగలరు.

4. ఉదయం టిఫిన్ అయ్యాకే ఇవ్వండి. ఇసబ్‌గోల్ ఒక్కటి దీనికి మినహాయింపు. మొదలుపెట్టిన తేదీ రాయండి. నెల తిరక్కుండా రెండోది చేర్చొద్దు, తేడా వస్తే దేనివల్లో తేలదు.

5. పన్ను తీయించాల్సి వచ్చినా, కంటి ఆపరేషన్ ఉన్నా సప్లిమెంట్ సంగతి ముందే చెప్పండి. వెల్లుల్లి, జింకో లాంటివి ఎన్ని రోజుల ముందు ఆపాలో సర్జన్ చెబుతారు. డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, తగలకుండానే చర్మం కమిలినా, మలం నల్లబడినా సప్లిమెంట్ ఆపేసి నోటుబుక్కు పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.