బోటు ఇంజిన్ పూర్తి వేగం అందుకోవడం లేదా? విప్పే ముందు ప్రొపెల్లర్ లెక్క చూడండి

సమస్య: లక్నవరంలోనో, కరీంనగర్ దిగువ మానేరులోనో నడిచే డీజిల్ బోటు సగం థ్రాటిల్ (ఇంజిన్ వేగం పెంచే లివర్) వరకు సాఫీగానే సాగుతుంది; పూర్తిగా తెరిచాక మాత్రం వేగం పెరగకుండా నల్లటి పొగ వస్తుంది.

కారణం: ప్రొపెల్లర్‌ను తిప్పడానికి కావలసిన శక్తి దాని భ్రమణ వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే సగం వేగంలో ఎనిమిదో వంతు శక్తి చాలు, 90 శాతం వేగంలో 73 శాతం కావాలి. అందుకే ప్రొపెల్లర్ ఇంజిన్ మీద మోతాదుకు మించి భారం వేస్తున్నా తక్కువ వేగంలో ఆ సంగతి బయటపడదు. 3000 ఆర్‌పీఎంకు (నిమిషానికి తిరిగే చుట్లు) రూపొందిన ఇంజిన్ 2600 వద్దే ఆగిపోతే, గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే పరికరం) వేగం పెంచడానికి పూర్తి ఇంధనం పంపుతుంది, దాన్ని కాల్చడానికి గాలి చాలదు, పొగ గొట్టంలో వేడి పెరిగి వాల్వులు, పిస్టన్లు, టర్బో దెబ్బతింటాయి. ఇలా రోజుల తరబడి నడపడం ఇంజిన్‌ను చేజేతులా చంపుకోవడమే.

పరీక్ష: ముందు ప్యానెల్ మీది మీటరును చేతి టాకోమీటరుతో (ఆర్‌పీఎం కొలిచే పరికరం) సరిపోల్చాలి. న్యూట్రల్‌లోనే ఇంజిన్ గరిష్ఠ వేగం అందుకోకపోతే థ్రాటిల్ కేబుల్‌ను చూడాలి. ఆ తర్వాత బోటులో మామూలుగా ఎక్కే మనుషుల బరువు ఉంచి, లోతైన నీటిలో పూర్తి థ్రాటిల్ ఇవ్వాలి. ఎండాకాలంలో నీరు తగ్గిన చోట పరీక్షిస్తే నిరోధం పెరిగి లెక్క తప్పుతుంది. వేగం తగ్గి నల్లటి పొగ వస్తే భారం ఎక్కువైందని, లేదా గాలి చాలడం లేదని అర్థం. పొగ లేకుండానే వేగం తగ్గితే ఇంధనం అందడం లేదు, కాబట్టి ఫిల్టరు, పైపులు, ట్యాంకు గాలి రంధ్రం చూడాలి. ఈ తేడా తెలియకుండా ఇంజెక్టర్లు విప్పించడం వృథా ఖర్చు.

పరిష్కారం: గాలి ఫిల్టరు మార్చి, బోటు అడుగున నాచు గీకి, షాఫ్టుకు చుట్టుకున్న వల ముక్కలు, గుర్రపుడెక్క వేళ్లు తీసి మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ వేగం అందకపోతే పిచ్ (జారుడు లేకపోతే ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) తగ్గించాలి. ఒక అంగుళం పిచ్ తగ్గితే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందన్నది వాడుకలోని అంచనా. పైన చెప్పిన 400 లోటుకు రెండు అంగుళాలతో మొదలుపెట్టవచ్చు.

సమస్య: ఇంజిన్ సులువుగా గరిష్ఠ వేగానికి చేరుతుంది, బోటు మాత్రం కదలదు.

కారణం, పరిష్కారం: 3000 ఆర్‌పీఎం, 2:1 గేర్‌బాక్స్ (ఇంజిన్ రెండు చుట్లకు ప్రొపెల్లర్ ఒక చుట్టు), 12 అంగుళాల పిచ్ ఉంటే లెక్క ప్రకారం గంటకు 27 కిలోమీటర్ల పైచిలుకు రావాలి. బరువైన బోటు 16 దగ్గర నడిస్తే అది నీటిలో సహజంగా పోయే జారుడే. అంతకంటే బాగా తక్కువైతే గేర్‌బాక్స్ క్లచ్ జారుతోందేమో, రెక్కలు మునిగిన మోడులకు తగిలి వంగాయేమో, నీటిపై గాలిని లాక్కుంటున్నాయేమో చూడాలి. ఇవేవీ కాకపోతే పిచ్ చిన్నదైనట్టే.

మధ్యాహ్నం మాత్రమే శక్తి తగ్గితే ఇంజిన్ గదిలోని వేడి గాలే కారణం కావచ్చు. మే నెల ఎండల్లో గాలి ద్వారాలు మూసి ఉంచరాదు.

ప్రొపెల్లర్ మార్చేటప్పుడు బొడ్డుపై (రెక్కలు కలిసే మధ్య భాగం) చెక్కిన వ్యాసం, పిచ్, తిరిగే దిశ రాసుకుని, కొత్తది బిగించాక అదే బరువుతో వచ్చిన ఆర్‌పీఎంను లాగ్ పుస్తకంలో నమోదు చేయాలి.