పెళ్లిలో మైకు, డీజే, ఊరేగింపు: విజయనగరంలో పోలీసు అనుమతికి దరఖాస్తు విధానం

శుభలేఖలు అచ్చుకి ఇచ్చిన రోజే మైకు అనుమతి అర్జీ కూడా రాసేయండి. మా వీధిలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా నేను మొదట చెప్పే మాట ఇదే. మండపం, వంటవాళ్లు, ఫొటోగ్రాఫరు, డీజే అందరికీ నెలల ముందే అడ్వాన్సులు ఇచ్చేస్తాం. అనుమతి కాగితం మాత్రం పెళ్లి రెండు రోజుల్లో ఉందనగా గుర్తొస్తుంది. అప్పటికి ఇంటి నిండా చుట్టాలు. స్టేషన్ చుట్టూ తిరగడానికి ఖాళీగా ఒక్క మనిషి దొరకడు.

అసలు అనుమతి ఎందుకని చాలామంది అడుగుతారు. మన పెళ్లి, మన డబ్బు, ఒక్క రాత్రి సంబరమే కదా అంటారు. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడాలంటే అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. పెళ్లికి మినహాయింపు లేదు. ఆ అధికారి డీఎస్పీ హోదాకి తగ్గకూడదు. విజయనగరంలో పోలీస్ కమిషనరేట్ లేదు కాబట్టి అర్జీ సబ్‌డివిజన్ డీఎస్పీ (సబ్‌డివిజనల్ పోలీసు అధికారి) గారి పేరు మీద రాయాలి. ఇవ్వాల్సింది మాత్రం మీ ఏరియా స్టేషన్‌లో. వాళ్లు చూసి, వాకబు చేసి పైకి పంపుతారు. ఎస్సై గారు నోటిమాటగా "కానివ్వండి" అన్నారని ఊరుకోకండి. ఆ రాత్రి డ్యూటీలో ఇంకొకరు ఉండొచ్చు.

రోడ్డు మీద ఊరేగింపుది వేరే సంగతి. పోలీస్ చట్టం, 1861లోని సెక్షన్ 30 ఊరేగింపులనీ, వీధుల్లో వాయించే వాయిద్యాలనీ నియంత్రించే అధికారం పోలీసులకి ఇచ్చింది. అర్జీ ఒక్కటే చాలు కానీ అందులో మైకు, డీజే, ఊరేగింపు మూడూ విడివిడిగా రాయాలి. మైకు అని ఒక్క మాట రాసి డీజే బండి తెస్తే అనుమతి ఉన్నట్టు కాదు.

అర్జీ ఎవరి పేరు మీద అన్నది ఇంట్లోవాళ్లు కూర్చుని తేల్చుకోవాలి. సంతకం పెట్టినవారే ఆ రాత్రి జవాబుదారీ. పెళ్లికూతురి తండ్రి పేరు మీద పెట్టడం రివాజు. కానీ కన్యాదానం పీటల మీద కూర్చున్న మనిషిని పోలీసులు పిలిస్తే లేచి రాగలడా? బాబాయో మేనమామో, పీటల మీద పనిలేని పెద్దమనిషి పేరు మీద పెట్టండి. మగపెళ్లివారు విడిగా డీజే తెస్తుంటే వాళ్ల తరఫు మనిషి పేరు, ఫోన్ నంబరు కూడా అందులో చేర్చండి. "అది వాళ్ల డీజే, మాకు సంబంధం లేదు" అంటే మండపం దగ్గర చెల్లదు.

నేను రాసిపెట్టే అర్జీ దాదాపు ఇలా ఉంటుంది.

"విజయనగరం సబ్‌డివిజనల్ పోలీసు అధికారి గారికి, టౌన్ స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారి ద్వారా. విషయం: వివాహ సందర్భంగా మైకు, డీజే, ఊరేగింపునకు అనుమతి కోరుతూ. అయ్యా, ఫలానా తేదీన ఫలానా కల్యాణ మండపంలో మా అన్నయ్య గారి అమ్మాయి వివాహం జరుగుతుంది. ఆ రోజు సాయంత్రం 6 గంటల నుంచి 8 గంటల వరకు విడిది ఇంటి నుంచి మండపం వరకు సన్నాయి మేళంతో, ఒక డీజే వాహనంతో ఊరేగింపు, 8 గంటల నుంచి 9.45 వరకు మండపం ఆవరణలో ఆర్కెస్ట్రా ఏర్పాటు చేసుకున్నాం. ఊరేగింపు దారి, వాహనం నంబరు, సౌండ్ సిస్టమ్ యజమాని వివరాలు జతపరిచాం. రాత్రి 10 గంటల తర్వాత బయట ఎలాంటి మైకూ వాడబోమని హామీ ఇస్తున్నాం. దయచేసి అనుమతి ఇప్పించగలరు."

దీనికి శుభలేఖ, అర్జీదారు ఆధార్ జిరాక్సు, మండపం బుకింగ్ రశీదు జతచేయండి. ఇంటి దగ్గరే పందిరి వేస్తుంటే ఇంటి చిరునామాకి రుజువు పెట్టండి. డీజే వాహనానికి ఆర్సీ, డ్రైవర్ లైసెన్సు జిరాక్సులు ఇవ్వండి. ఇవన్నీ రెండు సెట్లు తీసి, రెండో సెట్టు మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. చలానా కట్టమంటే వాళ్లు చెప్పిన పద్ధతిలోనే కట్టి రశీదు జతచేయండి. ఎవరి చేతికీ నగదు ఇవ్వకండి. పెళ్లికి కనీసం 15 రోజుల ముందు అర్జీ వేస్తే, ఏదైనా సవరించమన్నా తీరిగ్గా సవరించి ఇచ్చే వ్యవధి ఉంటుంది.

దారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. మా మేనకోడలి పెళ్లికి అర్జీ రాసింది నేనే. దారి దగ్గర "విడిది నుంచి మండపం వరకు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. సమయం దగ్గర "సాయంత్రం నుంచి" అని రాశానే గానీ ఎప్పటివరకో రాయలేదు. అనుమతి కాగితాన్ని ఇంట్లో బీరువాలో భద్రంగా దాచాను. పెళ్లిరోజు ఎవరో దగ్గరి దారని చెప్పి బండిని బడ్డీలున్న ఇరుకు వీధిలోకి తిప్పారు. ముందు డీజే బండి, వెనక జనరేటర్ ఆటో, దాని వెనక పెళ్లికొడుకు కారు. ట్రాఫిక్ అటూ ఇటూ ఆగిపోయింది. పోలీసులొచ్చి కాగితం అడిగితే చూపించడానికి ఎవరి దగ్గరా లేదు. పాట ఆపేశారు. బీరువా తాళాలు మా ఆవిడ దగ్గర, ఆవిడ మండపంలో. కాగితం వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. వచ్చాక కూడా అందులో ఆ వీధి పేరే లేదు కాబట్టి డీజే మళ్లీ మోగలేదు. పెళ్లికొడుకు కారులో చెమటకి పట్టులాల్చీ ఒంటికి అతుక్కుపోయి కూర్చున్నాడు. సన్నాయి ఆయన, డోలు వాయించే కుర్రాడు పోలీసులని అడిగి ముందు నడిచి, మైకు లేకుండానే మండపం గుమ్మం దాకా తీసుకెళ్లారు. వాళ్లకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

అందుకే దారి రాసేటప్పుడు ఒక్కో మలుపూ రాయండి. ఘంటస్తంభం, మూడు లాంతర్లు, కోట వైపు వెళ్లేవాళ్లు ఆ పేర్లన్నీ వరసగా రాసి, ఎక్కడ ఆగి డాన్సులు చేస్తారో అదీ రాయండి. సాయంత్రం పూట ఆ బజారులో మామూలు రోజుల్లోనే నడవడానికి చోటుండదు. వీలైతే ఊరేగింపుని మండపం ఉన్న రోడ్డు వరకే పెట్టుకోండి. అర్జీ వేసే ముందు ఆ దారిలో ఒకసారి బండి మీద వెళ్లి తలెత్తి చూడండి. డీజే వాహనం మీద బాక్సులు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన లైట్ల ఫ్రేమ్ కడతారు. కరెంటు తీగలు ఎక్కడ కిందికి వేలాడుతున్నాయో చూసుకోవాలి. ఆ ఫ్రేమ్ మీదికి పిల్లల్ని ఎక్కనివ్వకండి. ట్రక్కు బాడీని సొంతంగా కోసి, అతికించి డీజే బండిగా మార్చి ఉంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అది వేరే తప్పు. ఆర్సీ అడిగినప్పుడు బండి కూడా ఒకసారి చూసి మాట్లాడుకోండి.

దారిలో ఆసుపత్రులు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించే వీలు నియమాల్లో ఉంది. బోర్డు ఉన్నా లేకపోయినా ఘోషాసుపత్రి లాంటి చోటికి వచ్చేసరికి డీజే ఆపి, దాటాక వేసుకోండి. లోపల పురిటి తల్లులు, పసిగుడ్డులు ఉంటారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల వెలిసిన ఊరు మనది. పాట విలువ తెలిసిన ఊళ్లో ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. ఈ వాక్యాన్ని నేను అర్జీలోనే రాసేస్తాను: "ఆసుపత్రి ముందు సౌండ్ పూర్తిగా ఆపివేస్తాం." అది చదివితే అర్జీ చూసేవారికి మన మీద నమ్మకం కుదురుతుంది.

ఇక శబ్దం ఎంతవరకు అన్న సంగతి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో 65, 55. సొంత స్థలంలో పెట్టిన సౌండ్ సిస్టమ్ మోత ఆ స్థలం హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్ కంటే ఎక్కువ దాటకూడదు. అంటే ఇళ్ల మధ్య పందిరి వేస్తే ప్రహరీ దగ్గర పగలు 60. ఇద్దరు దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు అంత వస్తుంది. బహిరంగ స్థలంలో అయితే హద్దు దగ్గర ఆ ప్రాంత పరిమితి కంటే 10 ఎక్కువ, లేదా 75, రెండింటిలో ఏది తక్కువైతే అది. డీజే బాక్సులు పూర్తిగా తెరిస్తే ఈ అంకెల్లో ఏదీ నిలవదు. కాబట్టి రెండు బాస్ బాక్సుల కంటే ఎక్కువ వద్దని డీజే వాళ్లతో బేరం కుదిరినప్పుడే చెప్పండి. అనుమతి ఉంది కదా అని గుండె అదిరేలా పెడితే ఆ అనుమతి కాపాడదు. పరిమితి 10 డెసిబెల్స్ మించితే ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయొచ్చు. పర్యావరణ చట్టం కింద జరిమానా ఇప్పుడు 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా ఉంది.

మన పెళ్లిళ్లకి అసలు చిక్కు ముహూర్తం దగ్గరే. రాత్రి అంటే నియమాల ప్రకారం 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. మన ముహూర్తాలు ఒంటి గంటకో తెల్లవారుజామున నాలుగుకో ఉంటాయి. 2010 సవరణ తర్వాత లౌడ్‌స్పీకరే కాదు, సంగీత వాయిద్యం కూడా ఆ వేళ ఆరుబయట వాడకూడదు. కల్యాణ మండపం లాంటి మూసి ఉన్న హాలు లోపల, లోపలివారికి వినపడేలా మాత్రమే మినహాయింపు. అందుకని రాత్రి ముహూర్తం ఉన్నవాళ్లు ఆరుబయట పందిరి కంటే హాలు చూసుకోవడం మేలు. డీజే, ఆర్కెస్ట్రా, డాన్సులు అన్నీ రాత్రి 9.45కి ముగించండి. గుమ్మం బయట స్తంభానికి కట్టిన బాకా స్పీకర్లని 10 కొట్టకముందే దింపించేయండి. మంగళసూత్రం కట్టే వేళకి తలుపులు వేసి, మైకు లేకుండా సన్నాయి, డోలు. గట్టిమేళం మోగేది రెండు నిమిషాలు. హాల్లో ఉన్న నాలుగు వందల మందికి ఆ డోలు చాలు. నన్నడిగితే ఆ క్షణానికి మైకు అక్కర్లేదు. పురోహితుడు చెయ్యెత్తగానే డోలు మీద పడే ఆ దెబ్బ నేరుగా చెవిన పడితేనే ఒళ్లు జలదరిస్తుంది.

పండగలకి రాత్రి 12 దాకా అనుమతి ఉంటుందని విని మనకీ ఇస్తారనుకోకండి. ఏడాదికి 15 రోజులకి మించకుండా, సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సడలింపు అది. ఇంట్లో పెళ్లికి అర్జీ పెట్టి అడిగేది కాదు.

కరెంటుకి వేరే అర్జీ పెట్టాలి. ఇంటి మీటరు మీద డీజే లోడు వేస్తే పెళ్లిలో చీకటే. పందిరి వేసేవాళ్లు ఏపీఈపీడీసీఎల్ దగ్గర తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి, లేదా జనరేటర్ మాట్లాడుకోండి. వీధి తీగకి కొక్కెం వేయడం కరెంటు దొంగతనం, ప్రాణానికీ ముప్పు.

ఇంకొక్క సంగతి. పెళ్లిలో సినిమా పాటలు వేస్తే కాపీరైటు లైసెన్సు కావాలని, లేకపోతే పాట ఆపేస్తామని హోటళ్లు, మండపాలవాళ్లు అడగొచ్చు. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) పెళ్లి ఊరేగింపుని, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలని అందులోంచి మినహాయించింది. పెళ్లి వేడుకల్లో పాటలకి రాయల్టీ వసూలు చేయడం ఈ సెక్షన్‌కి విరుద్ధమని కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక, అంతర్గత వాణిజ్య విభాగం 2023 జులై 24న పబ్లిక్ నోటీసు కూడా ఇచ్చింది. ఆ నోటీసు ప్రింటు ఒకటి దగ్గర పెట్టుకుని మర్యాదగా చూపించండి.

అనుమతి చేతికొచ్చాక ముందు చదవండి. తేదీ, సమయం, దారి, షరతులు మీరడిగినట్టే ఉన్నాయో లేదో చూసి, తేడా ఉంటే ఆ రోజే వెళ్లి సరిచేయించుకోండి. తర్వాత ఐదు జిరాక్సులు తీయించండి. ఒకటి డీజే బండి డ్రైవర్ దగ్గర, ఒకటి ఆర్కెస్ట్రావాళ్ల దగ్గర, ఒకటి మండపం మేనేజర్ దగ్గర, ఒకటి మగపెళ్లివారి విడిదిలో, ఒకటి ఊరేగింపు ముందు నడిచే మనిషి జేబులో. అసలు కాగితం అర్జీ మీద సంతకం పెట్టినవారి దగ్గరే ఉండాలి, బీరువాలో కాదు. 9.40కి డీజే దగ్గరికెళ్లి చివరి పాట అని చెప్పే బాధ్యతని పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. కుర్రాళ్లు మాట వినే మేనమామ అయితే మంచిది.