టీవీ చర్చకు ఫోన్ చేసి ప్రభుత్వ అధికారం గురించి నిలదీయడం ఎలా

ఏ న్యూస్ ఛానెల్ ఫోన్‌ఇన్ అయినా ఓ పది నిమిషాలు వినండి. "నమస్తే సార్, గుంటూరు నుంచి మాట్లాడుతున్నాను" అని మొదలుపెడతారు, రెండో వాక్యంలోనే "మీ ప్రభుత్వం వచ్చాక..." అంటారు, ఆ మాట పూర్తి కాకముందే స్టూడియోలో కూర్చున్న పార్టీ ప్రతినిధి "మీ హయాంలో ఏం జరిగిందో చెప్పమంటారా?" అని అందుకుంటారు. అక్కడితో అయిపోయింది. ఫోన్ చేసిన మనిషి అడగాలనుకున్నది ఎవరికీ వినపడదు.

మామూలు ఓటరుకి అధికార పార్టీ మనిషిని నేరుగా అడిగే అవకాశం దొరికేదే అరుదు. ప్రైవేటు ఎఫ్ఎంలకు మన దేశంలో సొంతంగా వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు కాబట్టి, రాజకీయం మీద గొంతు వినిపించాలంటే ఎక్కువగా టీవీ, యూట్యూబ్ ఛానెళ్లే దిక్కు. ఆ ఒక్క నిమిషాన్ని పాడు చేసుకోకూడదు.

ముందుగా ఒక్క ఉత్తర్వును పట్టుకోండి. "ప్రభుత్వం నియంతలా తయారైంది" అంటే దానికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు, "మీరు మాత్రం?" అంటే సరిపోతుంది. అదే జీవో నంబర్, తేదీ, ఏ చట్టం కింద ఇచ్చారు అనేవి మూడూ చెప్పి అడిగితే తప్పించుకోవడం కష్టం. ఉదాహరణకి 2022 డిసెంబర్ 28న కందుకూరులో చంద్రబాబు సభ దగ్గర తొక్కిసలాటలో 8 మంది చనిపోయారు, జనవరి 1న గుంటూరులో ఇంకో 3 ప్రాణాలు పోయాయి. మర్నాడే, అంటే 2023 జనవరి 2న, అప్పటి వైఎస్సార్సీపీ ప్రభుత్వం జీవో నంబర్ 1 ఇచ్చి రోడ్ల మీద సభలకు, ర్యాలీలకు దాదాపుగా అడ్డుకట్ట వేసింది. ఆధారం ఏమిటంటే 1861 నాటి పోలీసు చట్టంలోని సెక్షన్ 30. మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ నాలుగు నెలల్లో ఎవరైనా ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్న ఇది: "సార్, ప్రాణాలు పోయాయి, జాగ్రత్తలు పెట్టాల్సిందే. కానీ సభ ఎలా జరగాలో చెప్పే అధికారం వేరు, అసలు సభే వద్దనే అధికారం వేరు. ఆ రెండోది ఈ చట్టంలో ఎక్కడుంది?" ఇందులో పార్టీ పేరు లేదు, తిట్టు లేదు, చనిపోయినవాళ్ల పట్ల చిన్నచూపూ లేదు. జవాబు మాత్రం చెప్పి తీరాలి.

తర్వాత పని కాస్త కష్టం, చాలామంది దీన్ని వదిలేస్తారు. మీ ప్రశ్నలో పార్టీ పేరు మార్చి చూసుకోండి. మీకు నచ్చే పార్టీ అదే ఉత్తర్వు ఇస్తే మీకు కోపం వస్తుందా? రాకపోతే ఆ రోజు ఫోన్ చేయకండి, మీరు అడిగేది అధికారం గురించి కాదు. హౌస్ అరెస్టులే తీసుకోండి. 2017లో టీడీపీ ప్రభుత్వం ఉండగా కాపు ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభాన్ని కిర్లంపూడిలో ఇల్లు దాటనివ్వలేదు. 2019 సెప్టెంబర్‌లో టీడీపీ పిలుపునిచ్చిన చలో ఆత్మకూరు రోజున వైఎస్సార్సీపీ ప్రభుత్వంలో చంద్రబాబును ఇంట్లోనే ఆపేశారు. రెండుసార్లూ గేటు బయట నిలబడింది పోలీసులే, రెండుసార్లూ చెప్పిన కారణం శాంతిభద్రతలే. ఒకదానికి చప్పట్లు కొట్టి ఇంకోదానికి గుండెలు బాదుకుంటే ఆ గేటు ఎప్పటికీ అలాగే ఉంటుంది. హైదరాబాద్ ఇందిరా పార్కు ధర్నా చౌక్ సంగతీ ఇంతే. 2017లో టీఆర్ఎస్ ప్రభుత్వం దాన్ని మూయించింది, 2018లో హైకోర్టు జోక్యంతో మళ్లీ దారి తెరుచుకుంది. 2021 నవంబర్‌లో వడ్ల కొనుగోలు మీద కేంద్రాన్ని నిలదీయడానికి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా వచ్చి కూర్చుంది ఆ చౌక్‌లోనే. ఇలాంటి ఉదాహరణ ఒకటి జేబులో పెట్టుకోండి, ఏ పార్టీ వాళ్లు లైన్లో ఉన్నా పనికొస్తుంది.

పోలీసుల విషయం అడగాలనుకుంటే సెక్షన్లు సరిచూసుకోండి, ఎందుకంటే 2024 జులై 1 నుంచి నంబర్లు మారాయి. జనం గుమికూడకుండా ఆపే, అందరికీ తెలిసిన 144 ఇప్పుడు పాత సీఆర్పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 163. ఆ ఉత్తర్వు మామూలుగా 2 నెలలు మించకూడదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగించినా ఇంకో 6 నెలల వరకే. ముందస్తు అరెస్టు పాత 151, ఇప్పుడు 170. దాని కింద 24 గంటలు దాటి ఉంచుకోవాలంటే ఇంకో చట్టబద్ధమైన ఆధారం కావాలి. "ఏ సెక్షన్ కింద, ఎన్ని గంటలు, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చారా" అని అడిగితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక ఫోన్ చేసేటప్పుడు. టీవీ మ్యూట్ చేసి పక్క గదిలోకి వెళ్లండి, లేకపోతే మీ గొంతే మీకు ఆలస్యంగా వినపడి తడబడతారు, యాంకర్ "టీవీ వాల్యూమ్ తగ్గించండి సార్" అంటూనే మీ టైమ్ అయిపోతుంది. ప్రశ్నను కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాసుకోండి, ప్రశ్న ముందు, వివరం తర్వాత. మనవాళ్లు ఊరి కష్టాలన్నీ చెప్పి చివర్లో ప్రశ్నకి వస్తారు, అప్పటికే లైన్ కట్.

యాంకర్ తప్పకుండా అడుగుతారు, "మీరు ఏ పార్టీ అభిమాని?" అని. దాచకండి, వాదించకండి. "నేను ఫలానా పార్టీకి ఓటేశానండి, వాళ్లు చేసినా ఇదే అడుగుతాను" అనండి. అమెరికాలో సీ-స్పాన్ అనే టీవీ ఛానెల్ వాళ్ల ఉదయం కార్యక్రమానికి ఫోన్ చేసేవాళ్లకి రిపబ్లికన్లకొకటి, డెమొక్రాట్లకొకటి, ఏ పార్టీకీ చెందనివాళ్లకొకటి అని వేరువేరు నంబర్లే ఉంటాయి, అక్కడి మన తెలుగువాళ్లకి ఇది తెలిసిందే. పార్టీ చెప్పుకోవడం తప్పేం కాదు, ప్రశ్న మొత్తం దానికే అంకితం కావడం తప్పు.

ప్రతినిధి ఆఖరి అస్త్రం ఎప్పుడూ ఒకటే: "ప్రజలు మాకు తీర్పు ఇచ్చారు." ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 2019లో వైఎస్సార్సీపీకి 175కి 151 సీట్లు, 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ కూటమికి 164, రెండుసార్లూ ఈ మాట విన్నాం. దీనికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి: ఎన్ని సీట్లు వచ్చినా ప్రాథమిక హక్కులను హరించే చట్టం చేయకూడదని రాజ్యాంగంలోని 13వ అధికరణ చెబుతోంది, 151కి ఒక రాజ్యాంగం 164కి ఇంకో రాజ్యాంగం లేదు. అంతే చెప్పి ఆగండి. ఎదుటివాళ్లు గొంతు పెంచితే మీరు పెంచకండి, ప్రశ్నను అవే మాటల్లో ఇంకోసారి అడగండి.

ఒకటి మాత్రం వద్దు. ఏ నాయకుడు ఎంత తిన్నాడో, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో ఆధారం లేకుండా లైవ్‌లో అనకండి. పరువునష్టం ఇంకా క్రిమినల్ నేరమే, ఆ గొడవలో మీ అసలు ప్రశ్న చచ్చిపోతుంది.

లైన్ కలవకపోయినా, జవాబు రాకపోయినా మీరు రాసుకున్న కాగితం పారేయకండి. అదే విషయం మీద సంబంధిత శాఖ సమాచార అధికారికి ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి, "ఫలానా ఉత్తర్వు కాపీ, దానికి ఆధారమైన ఫైల్ నోటింగ్స్ (ఫైల్లో అధికారులు రాసిన అభిప్రాయాలు) ఇవ్వండి" అని. ఫీజు సాధారణంగా 10 రూపాయలు, గడువు 30 రోజులు. కాపీ చేతికొచ్చాక మళ్లీ ఫోన్ చేయండి, ఈసారి తేదీ, పేజీ చదివి అడగండి.