చండీగఢ్ కుర్చీని మన వడ్రంగితో చేయించుకోవడం ఎలా

ఇంటీరియర్ ఫొటోల్లో ఈ కుర్చీ మీకు కనబడే ఉంటుంది. టేకు చట్రం, కేన్ (బెత్తు) అల్లిక, పక్కనుంచి చూస్తే స్కూల్లో వాడిన వృత్తలేఖినిని తెరిచి నిలబెట్టినట్టుండే కాళ్లు. చాలామంది ఏదో విదేశీ బ్రాండ్ అనుకుంటారు గానీ, ఇది చండీగఢ్ సర్కారు ఆఫీసుల్లో కూర్చోవడానికి చేసిన కుర్చీ. చండీగఢ్ నగరానికి ప్లాన్ గీసిన ఆర్కిటెక్టు లె కార్బూజియేకి వరసకు తమ్ముడు, తనూ ఆర్కిటెక్టే అయిన పియర్ జానరే ఆ కొత్త నగరం పని మీద 1951లో వచ్చి 1965 దాకా అక్కడే ఉండిపోయారు. యూలీ చౌదరి లాంటి మన ఆర్కిటెక్టులతో కలిసి ఆఫీసులకి, యూనివర్సిటీకి కావలసిన ఫర్నిచర్ డిజైన్ చేశారు. కుర్చీలు వేలల్లో కావాలి, చేసేది స్థానిక వడ్రంగులు. చెద పట్టదని టేకు తీసుకున్నారు, వీపుకి గాలి తగులుతుందని కేన్ అల్లించారు. దానిమీద అలంకారమంటూ ఏమీ లేదు, ఉన్న ప్రతి చెక్కకీ ఓ పని ఉంది. డెబ్బై ఏళ్లయినా పాతబడకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం. మన ఊరి వడ్రంగి చేతికి లొంగేదీ అందుకే.

ముందు ఒక మాట. "ఒరిజినల్ ఉంది, తీసుకోండి" అని ఎవరైనా అంటే వెంటనే డబ్బు తీయకండి. ఒకప్పుడు ఈ కుర్చీల్ని పాత సామాను కింద వేలం వేసేశారు, డీలర్లు కొనుక్కెళ్లి విదేశీ వేలాల్లో లక్షలకి అమ్మారు. ఆ తర్వాత 2011లో కేంద్రం వీటి అమ్మకాల మీద, ఎగుమతి మీద నిషేధం పెట్టింది. వెనక తెల్ల పెయింటుతో రాసిన ఆఫీసు నంబర్లు చూపించి నమ్మిస్తారు. పెయింటు ఎవరైనా వేయగలరు కదా.

చేయించే పనికి వద్దాం. వడ్రంగికి ఫోన్‌లో ఫొటో చూపించి వదిలేస్తే కాళ్ల వాలు తప్పుతుంది, నా మొదటి కుర్చీ అలాగే పాడైంది. పక్కనుంచి తీసిన ఫొటో పెట్టుకుని, ప్లైవుడ్ ముక్క మీద కుర్చీ పక్కభాగాన్ని అసలు సైజులో గీయించండి. ముందుకాలు, వెనకకాలు పైన చేతికర్ర కింద కలవాలి, సీటు చట్రం వాటి మధ్యలోంచి పోవాలి. ఆ బొమ్మే అచ్చు. సీటు నేల నుంచి 17 అంగుళాలు, లోపలి వెడల్పు 18, చేతికర్ర 25 దగ్గర పెట్టుకుంటే మామూలు మనిషికి హాయిగా ఉంటుంది. డైనింగ్ టేబుల్ కోసమైతే, టేబుల్ కింది పట్టీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ముందే టేపు పెట్టి కొలవండి, లేకపోతే చేతికర్రలు తగిలి కుర్చీ లోపలికి పోదు.

చెక్క విషయంలో నా ఓటు పాత టేకుకే. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి కాబట్టి వంకర తిరగవు, మేకులు మాత్రం వెతికి పీకించాలి. కొత్తది కొంటే చేవ భాగమే తీసుకోండి, అంచున ఉండే తెల్లచెక్క వద్దు. కాళ్ల మందం అంగుళంన్నరకి తగ్గితే ఒప్పుకోకండి, ఈ కుర్చీ అందమంతా ఆ బరువైన కాళ్లలోనే ఉంది. అతుకులన్నీ కుసి, బెజ్జం పెట్టి, అంటే ఒక చెక్క చివర నాలుకలా చెక్కి రెండోదాని బెజ్జంలో దూర్చి బిగించాలి. మేకు కొడతానంటే మర్యాదగానే వద్దనండి, ఎందుకంటే మనం వెనక్కి వాలిన ప్రతిసారీ బరువు అతుకు మీదే పడుతుంది. ఆరు కావాలన్నా ముందు ఒక్కటే చేయించి, నెల రోజులు కూర్చుని చూశాక మిగతావి చెప్పండి.

కేన్ దగ్గర అస్సలు రాజీ పడకండి. ఆన్‌లైన్‌లో నేను కొన్న ఒక కుర్చీకి ప్లాస్టిక్ అల్లిక వచ్చింది, ఏడాదికే గోతిలా దిగిపోయింది. రెడీమేడ్ షీటుని గాడిలో నొక్కి బిగించే పద్ధతి చవకే. కానీ చట్రానికి అర అంగుళానికో బెజ్జం వేసి, తడిపిన బెత్తు చీలికల్ని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా చేత్తో అల్లిస్తే వచ్చే బిగువు వేరు. అల్లేటప్పుడు ఒకసారి దగ్గర కూర్చుని చూడండి, మొదట వదులుగా, గజిబిజిగా కనిపించే వల ఐమూల పోగులు పడేసరికి ఎనిమిది పలకల కన్నులుగా విచ్చుకుంటుంది. వేలితో తడితే డప్పులా మోగాలి.

పాలిష్ మెరిసేది వద్దు, నూనె గానీ మ్యాట్ గానీ చాలు. పెట్టేటప్పుడు గోడకి ఆనించి దాచేయకండి, పక్కభాగం కనబడాలి. కిటికీ దగ్గర ఒక్కటి పెడితే పొద్దుటెండకి అల్లిక నీడ నేలమీద పడుతుంది, గదికి ఇంక వేరే అలంకారం అక్కర్లేదు.

సీటు మీద మోకాళ్లు పెట్టనివ్వకండి, బల్బు మార్చడానికి ఎక్కనివ్వకండి. కొన్నేళ్లకి కాస్త జారినట్టనిపిస్తే కుర్చీని తిరగేసి, వేడినీళ్లలో పిండిన గుడ్డ అడుగువైపు పరిచి, అరగంటాగి తీసేసి, ఒక రోజంతా ఎవర్నీ కూర్చోనివ్వకుండా నీడలో ఆరబెట్టండి, ఆరేకొద్దీ బెత్తు మళ్లీ బిగుసుకుంటుంది. పోగులు తెగితే మాత్రం ఇది పనిచేయదు, అల్లినవాళ్లనే పిలవాలి.